తప్పుగా నేర్పిన అలంకారం

కన్నడ నాట మా విట్లలో అలంకారాల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వస్తారు. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో కన్నడం చెబుతున్నాను. పదో తరగతి పిల్లల కోసం నేను రాసిన ముప్ఫై రెండు పేజీల చిన్న పుస్తకం బస్టాండు పక్కన పుస్తకాల షాపులో ఇప్పటికీ దొరుకుతుంది. ఉపమ అంటే ఏమిటి, ఉపమకూ రూపకానికీ తేడా ఏమిటి, ఉత్ప్రేక్షను ఎలా గుర్తుపట్టాలి, ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు. అట్ట మీద నా పేరు: వారిజ, ఎం.ఏ. పెళ్లి పంక్తిలో ఎవరైనా చమత్కారంగా ఒక మాట అంటే పక్కవాళ్లు నా వైపు తిరిగి, "టీచర్, ఇదేం అలంకారం?" అని అడుగుతారు. నేను చెబుతాను. అలా అడగడం నాకు ఇష్టం. దాచడమెందుకు, చాలా ఇష్టం.

మా ఊరి మహిళా తాళమద్దళె బృందాన్ని మొదలుపెట్టింది కూడా నేనే. తాళమద్దళెలో వేషాలుండవు, గంతులుండవు. భాగవతులు పద్యం పాడతారు, మద్దెల మోగుతుంది, ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్న పాత్రధారులు ఆ పద్యానికి అర్థం చెబుతూ అప్పటికప్పుడు వాదించుకోవాలి. రాసిపెట్టిన మాటలంటూ ఏమీ ఉండవు. మగవాళ్లు తరతరాలుగా చేస్తున్న ఆ పనిని మేము ఆరుగురం ఆడవాళ్లం ఆదివారం మధ్యాహ్నాలు సొసైటీ భవనం మేడ మీద మొదలుపెట్టినప్పుడు నవ్వినవాళ్లే, మూడేళ్లు తిరిగేసరికి ఉత్సవాలకు పిలవసాగారు. రాజు పాత్ర నాదే. ఏ ప్రసంగమైనా, అంటే ఏ కథ ఎత్తుకున్నా, పెద్ద పాత్ర నాదే. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పగలిగినంత మాటకారులు ఎవరూ లేరు కూడా.

నాకు ఎదురు పాత్ర చెప్పే జలజాక్షి కూతురి పురిటికని ముంబయి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మా భాగవతులు ఈశ్వర మయ్యగారు ఒకావిడను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. చేతివేళ్లకు పొగాకు రంగు పట్టి ఉంది.

"ఈవిడ భాగీరథి. ఒకప్పుడు మద్దెల వాయించిన కొరగప్ప లేడూ, ఆయన కూతురు," అన్నారు మయ్యగారు. "బీడీలు చుడుతుంది. చిన్నప్పట్నుంచీ నాన్న పక్కన కూర్చుని ఈమె వినని ప్రసంగం లేదు. ఒకసారి కూర్చోబెట్టి చూడండి టీచర్."

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని అడిగాను.

"ఏడు, టీచరక్కా. ఎనిమిదిలో చేరాను గానీ వానల్లో వాగు దాటనివ్వలేదు మా అమ్మ. వానలు తగ్గేసరికి బీడీల చేట ఒళ్లోకొచ్చి కూర్చుంది. అది మళ్లీ దిగలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ద్వారపాలకురాలి పాత్ర ఇద్దామనుకున్నాను, రెండు ముక్కలు మాట్లాడితే చాలు. మయ్యగారు మాత్రం హేమరేఖ పాత్రే ఇమ్మన్నారు.

అది ఆయన సొంతంగా కట్టిన ప్రసంగం. వీరకేతు అనే రాజు యుద్ధంలో దెబ్బతిని నదిలో కొట్టుకుపోతుంటే ఒక చిన్న కోట దొర కాపాడతాడు. కోలుకున్నాక ఆ దొర కూతురు హేమరేఖను పెళ్లాడతానని రాజు మాట ఇస్తాడు. తీరా రాజధాని చేరాక పెద్ద రాజ్యం నుంచి సంబంధం వస్తుంది, మాట మరుస్తాడు. హేమరేఖ ఒంటరిగా సభకు వచ్చి న్యాయం అడుగుతుంది. కథంతా ఆ వాదమే. రాజును నేను.

నాకు బాగా సాధనైన మాటలతోనే మొదలుపెట్టాను. "అమ్మాయీ, రాజ్యం ఒక సముద్రం. నేను నావికుణ్ణి. నావ నిండా ప్రజలున్నారు. ఒడ్డున నిలబడ్డ ఒక్క మనిషి కన్నీళ్లు చూసి నావను వెనక్కి తిప్పలేను." చక్కటి రూపకం. ఎక్కడా అతుకు కనపడకుండా కట్టినది. ఆ మాట దగ్గర ఎప్పుడూ చప్పట్లు పడేవి.

భాగీరథి కాసేపు తలవంచుకుని కూర్చుంది. భయపడిందనుకున్నాను. తర్వాత మెల్లగా తలెత్తింది.

"సముద్రమన్నారు. ఎంత నిజం చెప్పారు ప్రభూ! చుట్టూ అన్ని నీళ్లు, దాహమేసినవాడికి ఒక్క గుక్క పనికిరావు. నావికుణ్ణన్నారు. ఆ రోజు మా కోట దగ్గరికి కొట్టుకొచ్చినప్పుడు మీకు నావ లేదు, తెడ్డు లేదు. ఒంటినిండా గాయాలున్నాయి. చెయ్యి పట్టుకుని పైకి లాగింది ఒడ్డున నిలబడ్డ ఆ ఒక్క మనిషే."

మేడ మీద ఉన్న పదిహేను మందీ ఒక్కసారి "ఆహా" అన్నారు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. మయ్యగారు నా అవస్థ చూసి చప్పున తర్వాతి పద్యం అందుకున్నారు. ఇన్నేళ్లలో నన్ను ఆదుకోవడానికి ఆయన పద్యం ఎత్తుకోవడం అదే మొదటిసారి.

నన్ను స్కూటరు మీద తీసుకెళ్లడానికి వచ్చిన మావారు సదానంద గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. దారిలో మూడుసార్లు, "ఎవరే ఆవిడ?" అని అడిగారు. మూడుసార్లూ చెప్పాను. మర్నాడు పొద్దున నీరుదోసె తింటూ తనలో తను నవ్వుకుని, "నువ్వు మాట్లాడుతుంటే నోట్సు రాసుకోవాలనిపిస్తుంది వారిజా. ఆవిడ మాట్లాడుతుంటే ఊరికే వింటూ కూర్చోవాలనిపిస్తుంది," అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. నేను పెనం మీది దోసె మాడ్చేశాను.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి భాగీరథి మా వరండా మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో చేట, చేటలో ఆకులూ పొగాకూ.

"టీచరక్కా, మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను. పోయిన వారం పాణెమంగళూరులో మన తాళమద్దళె కూటం అయ్యాక ఒకాయన నా దగ్గరికొచ్చి, 'అమ్మా, ఏం దృష్టాంతం చెప్పావు!' అన్నాడు. దృష్టి తగిలిందంటున్నాడేమో అనుకుని ఇంటికెళ్లి ఉప్పు తిప్పేసుకున్నాను. తర్వాత మయ్యగారు చెప్పారు, అది పొగడ్తంట! పొగిడినా తెలియకపోతే ఎలా అక్కా? నేను మాట్లాడేవాటికి పేర్లుంటాయంటగా, అవి నేర్పండి."

కాదనడానికి కారణం దొరకలేదు. పైగా నేర్పేదాన్ని నేను, నేర్చుకునేది తను అన్న ఆ వరస నాకు కొంచెం ఊరటనిచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం వచ్చేది. చేతులు బీడీలు చుడుతుండేవి, కళ్లు నా మీద ఉండేవి.

ఉపమతో మొదలుపెట్టాను. "ఆమె ముఖం చంద్రుడిలా ఉంది. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం."

"చంద్రుడా?" అంది. "నెలలో సగం రోజులు అరిగిపోతూనే ఉంటాడు కదక్కా. పెళ్లాన్ని అలా అంటే ఊరుకుంటుందా?" కాస్త ఆలోచించి, "మా అత్త కోపం తడి ఆకులో చుట్టిన బీడీలాంటిది. ఎన్ని పుల్లలు గీసినా పొగే గానీ నిప్పు రాదు. ఇది ఉపమేనా?" అంది.

"ఉపమే," అన్నాను.

ఉత్ప్రేక్ష అంటే ఒకదాన్ని ఇంకొకటేమోనని ఊహించడం అని చెబుతుండగానే వాన మొదలైంది. ఆవిడ పైకప్పు వైపు చూసి, "పైన ఎవరో బస్తాల కొద్దీ వక్కలు పెంకుల మీద గుమ్మరిస్తున్నారేమో! అంతేనా అక్కా?" అంది.

అంతే. సరిగ్గా అంతే. నా ముప్ఫై రెండు పేజీల్లో అంత ప్రాణమున్న ఉదాహరణ ఒక్కటి లేదు. నేను ఎవరెవరి పుస్తకాల్లోంచో ఏరి పెట్టుకున్నవి ఆవిడకు వాన చప్పుడులోంచి, అత్తగారి చిరాకులోంచి వచ్చి పడుతున్నాయి. నా దగ్గర పేర్లున్నాయి. వస్తువులు ఆవిడ దగ్గరున్నాయి. ఆవిడ వెళ్లాక ఆ వాక్యాలు కాగితం మీద రాసుకునేదాన్ని. రాసుకుని, చదువుకుని, చింపేసేదాన్ని.

కరపత్రాల్లో ఆవిడ పేరు మొదట రెండోదిగా వచ్చింది, తర్వాత నా పేరు పక్కన, తర్వాత పైన. ఉత్సవాలవాళ్లు ఫోన్ చేసి, "భాగీరథిగారు వస్తారు కదా? మీరెలాగూ ఉంటారు," అనేవారు. మీరెలాగూ ఉంటారు. ఆ మాట రోజంతా చెవిలో గీపెడుతుండేది. క్లాసులో పిల్లలకు వ్యాకరణం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ గొంతు బొంగురుపోయి వచ్చింది. నేను చేసిన మొదటి పని లోలోపల సంతోషించడం. రెండో పని వేడినీళ్లు తెప్పించడం. తీరా ఆ రోజు పాత్ర కొడుకును పోగొట్టుకున్న తల్లిది. ఆ బొంగురు గొంతే అతికినట్టు సరిపోయి, జనం కళ్లు తుడుచుకున్నారు. నేను కప్పు పట్టుకుని నిలబడ్డాను, వేడినీళ్లు చల్లారిపోయాయి.

డిసెంబరులో మా పక్క ఊరు పుత్తూరులో జిల్లా మహిళా బృందాల కూటం పెట్టారు. మైసూరు నుంచి ప్రొఫెసర్ హొళ్లగారు వస్తారనీ, ప్రసంగం అయ్యాక వేదిక మీదే పాత్రధారులను ప్రశ్నలడుగుతారనీ, ఆ తర్వాతే ఉత్తమ పాత్రధారికి షీల్డు ఇస్తారనీ కబురు పంపారు. ఆ బుధవారం పొద్దున్నే నిర్వాహకుడు ఫోన్ చేశాడు. "టీచర్, ఈసారి షీల్డు విట్లకే, రాసిపెట్టుకోండి. భాగీరథిగారిని జాగ్రత్తగా తీసుకురండి," అన్నాడు. ఆవిణ్ణి మోసుకొచ్చే బండిని నేను.

సాయంత్రం భాగీరథి ఎప్పటికన్నా ముందే వచ్చింది.

"అక్కా, ప్రశ్నలడుగుతారంట కదా, నాకు గుండె దడదడగా ఉంది. మయ్యగారు ఒకటి తప్పకుండా అడుగుతారన్నారు. రాజును పొగుడుతున్నట్టే పొగుడుతూ తిడతాను చూడండీ, దాని పేరేంటి?"

వ్యాజస్తుతి. నా పుస్తకంలో పంతొమ్మిదో పేజీ. నాలుక చివరిదాకా వచ్చింది.

"స్వభావోక్తి," అన్నాను.

బీడీ చుడుతున్న చెయ్యి ఆగింది. "స్వభావమంటే ఉన్నది ఉన్నట్టు కదక్కా? ఇక్కడ ఉన్నదాన్ని తిరగేసి కదా చెబుతున్నాం?"

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి అడిగింది ఆ ప్రశ్న. ఇరవై రెండేళ్లలో నా పిల్లలు ఒక్కరూ అలాంటి ప్రశ్న అడగలేదు. అక్కడైనా ఆగాల్సింది. నవ్వేసి, పొరపాటున అన్నానని సర్దుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నే నన్ను ఇంకా మండించింది.

"ఎవరి స్వభావమనుకున్నావు? ఎదుటివాడిది," అన్నాను. "పొగడ్త మాటున వాడి అసలు గుణాన్ని బయటికి లాగే ఉక్తి. అందుకే స్వభావోక్తి."

"ఓహో! మరి ఉన్నది ఉన్నట్టు వర్ణిస్తే?"

"అది వ్యాజస్తుతి."

ఆవిడ రెండు పేర్లూ నాలుగైదుసార్లు పైకి అనుకుంది. ముఖం విప్పారింది. "ఎంత బాగా విడమరిచి చెబుతారక్కా మీరు. ఇంకెవరైనా అయితే పేరు చెప్పి ఊరుకునేవాళ్లు," అంది.

అబద్ధానికి కూడా నాకు వ్యుత్పత్తి దొరికింది. అంత చదువు చదివాను.

పుత్తూరు హాలు మధ్యాహ్నం రెండు గంటలకే నిండిపోయింది. హేమరేఖ కథే. నేను రాజుగా, "దానంలో నన్ను మించినవాడు లేడని లోకమంటుంది," అన్నాను.

"లోకం అబద్ధమెందుకంటుంది ప్రభూ!" అంది భాగీరథి. గొంతులో ఎంత భక్తి! "అడిగినవాడికి అన్నమిస్తారు, గుడ్డలిస్తారు, గోవులనిస్తారు. ఒకసారి ఇచ్చినదాన్ని మళ్లీ మీ దగ్గర ఉంచుకునే అలవాటే లేదు మీకు. మా నాన్నకు మాట ఇచ్చారు. ఆ మాటనైనా ఉంచుకున్నారా? లేదు. ఇంతటి దాత ఈ భూమ్మీద ఇంకెవరున్నారు?"

హాలంతా ఘొల్లుమంది. చప్పట్లు ఆగడం లేదు. మద్దెల అతను కూడా వాయిద్యం మీద అరచేత్తో చరిచాడు. భాగీరథి అవన్నీ సద్దుమణిగేదాకా ఆగి, నా వైపే చూస్తూ మెల్లగా, "చెప్పండి ప్రభూ, అంత పెద్ద దాతకు ఎప్పుడైనా చేతులు వణుకుతాయా?" అంది.

"వణుకుతాయి," అన్నాను. "తనది కానిదాన్ని ఇచ్చేసినప్పుడు."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఈసారి చప్పట్లు నాకు. నేను వేదిక మీద అన్న మాటల్లో అంత మంచిది ఇంకోటి లేదు. కుర్చీలో కూర్చునే నాకు అర్థమైంది, ఆ జవాబు కోసం చోటు వదిలిపెట్టింది ఆవిడే. తన మాటకు జనం ఇంకా ఊగుతుండగానే ఆవిడ నాకు దారి ఇచ్చింది. ఆ సంగతి తెలిశాక నాకు పడ్డ చప్పట్లు కూడా చేదెక్కాయి.

ప్రసంగం ముగిశాక హొళ్లగారు మైకు తీసుకున్నారు. తెల్లటి పంచె, మెత్తటి మాట. ముందు నన్ను అడిగారు. నేను రూపకం గురించీ, కాకువు గురించీ, అంటే గొంతు విరుపుతో అర్థం ఎలా మారుతుందో లెక్చరిచ్చాను. ఆయన తల పంకించారు. తర్వాత భాగీరథి వైపు తిరిగారు.

"అమ్మా, ఇచ్చిన మాటను కూడా ఉంచుకోని దాత అన్నారు. నేను నలభై ఏళ్లుగా ఈ కూటాలు వింటున్నాను, ఇలాంటిది వినలేదు. అదేం అలంకారమో చెప్పగలరా?"

ఆవిడ ముఖంలో ఒక్కసారి వెలుగు. సరిగ్గా తనకు వచ్చిన ప్రశ్నే వచ్చింది. వెన్ను నిటారుగా పెట్టి, హాలు చివరిదాకా వినపడేలా, "స్వభావోక్తి!" అంది.

ముందు వరసలో ఉన్న టీచర్లు నవ్వారు. వాళ్లను చూసి వెనకవాళ్లు నవ్వారు. మధ్యలోంచి ఎవడో, "బీడీ కట్టకు లేబుల్ మార్చి అంటించిందిరోయ్!" అని అరిచాడు. నవ్వు రెట్టింపైంది. హొళ్లగారు చెయ్యెత్తి ఆపి, "దాన్ని వ్యాజస్తుతి అంటారమ్మా. స్తుతిలా వినిపించే నింద. స్వభావోక్తి అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం," అన్నారు.

భాగీరథి నా వైపు చూసింది. నేను తల దించుకోవడంలో ఆలస్యం చేశాను. ఆ ఒక్క క్షణంలో నా ముఖంలో ఏం కనపడాలో అది కనపడింది.

ఆవిడ మళ్లీ మైకు వైపు తిరిగింది. "క్షమించండి సార్. మా టీచరక్క సరిగ్గానే నేర్పింది. నా బుర్రలోనే తారుమారైంది."

నా ముందు కూడా మైకు ఉంది. మీట వేసే ఉంది. ఒక్క వాక్యం చాలు. నేను నా చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను.

షీల్డు నాకిచ్చారు. వాక్కూ శాస్త్రమూ రెండూ ఉన్నందుకట. మావారు ఆ రోజు వాళ్ల తమ్ముళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పారు.

బుధవారం భాగీరథి రాలేదు. ఆ తర్వాతి బుధవారమూ రాలేదు. ఆదివారాలు మాత్రం సొసైటీ మేడకు వచ్చి, చెప్పాల్సిన పాత్ర చెప్పి, నా వంక చూడకుండా వెళ్లేది. మీనాక్షి అని మా బృందంలో అంగన్‌వాడీ టీచరు ఉంది. "పాపం భాగీరథి సిగ్గుపడుతున్నట్టుంది టీచర్. మీరే ఒకసారి ధైర్యం చెప్పండి," అంది. నేను సరేనన్నాను. సరేనని మూడు వారాలు వెళ్లలేదు. ఆ మూడు వారాలూ నాకు తిండి సరిగ్గా సహించలేదు, అయినా లోపల ఒక మూల నుంచి ఏదో, "నీ పేరే కదా చెక్కారు" అంటూనే ఉంది. దాన్ని కూడా చెబుతున్నాను. మంచిదాన్నైపోయి వెళ్లలేదు నేను. మోయలేక వెళ్లాను.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక వక్కతోటల మధ్య కాలిబాటన నడిచి వాళ్లింటికి చేరాను. ఆవిడ వసారాలో కూర్చుని తడి ఆకులు కత్తెరతో కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి, పీట వేసి, బెల్లంముక్కా చెంబుతో నీళ్లూ తెచ్చి పెట్టింది.

"ఎండన పడి వచ్చారు. తాగండి."

"భాగీరథీ, ఆ రోజు నేను..."

"తెలుసక్కా. అక్కడే తెలిసింది. మీ మొహం చూశాను కదా."

"మరి తప్పు నీదని ఎందుకు చెప్పావు?"

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "ఇంకేం చెప్పమంటారు? అంతమంది ముందు టీచరు కావాలని తప్పు నేర్పిందంటే నమ్మేదెవరు? బీడీలు చుట్టేదాని బుర్రకెక్కలేదంటే అందరూ నమ్ముతారు. నమ్మేదే చెప్పాను."

నీళ్ల చెంబు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తాగలేదు.

"ఒక్కటి అడుగుతాను, ఇదైనా నిజం చెప్పండి," అంది. "మీరు చేసినదానికి మీ శాస్త్రంలో పేరేమన్నా ఉందా?"

"ఉంది. అలంకారాల్లో కాదు, భావాల్లో. అసూయ. ముప్ఫై మూడు సంచారి భావాలని చెబుతారు, వాటిలో ఒకటి."

"సంచారి అంటే?"

"మనసులో తిరిగేది. వచ్చి పోయేది."

"పోయిందా మరి?"

అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. "లేదు," అన్నాను. "ఇప్పుడు నువ్వు ఆ మాట అడిగిన తీరుకు కూడా నాకు కుళ్లుగానే ఉంది."

ఆవిడ వసారా గోడలూ, దండెం మీది బట్టలూ, చేటలో ఆకులూ అన్నీ ఒకసారి కలయజూసింది. "నా మీదా?" అంది. "ఎం.ఏ. చదివి, పుస్తకం రాసి, స్కూటరు మీద తిరిగే మీరు... నా మీదా!" ఆ గొంతులో కోపముందో, వింత పడుతోందో, లేక ఎక్కడో కాస్త గర్వపడుతోందో నేను తేల్చుకోలేకపోయాను.

సంచిలోంచి షీల్డు తీసి ముందు పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. "నాకొద్దు. అందులో మీ పేరు చెక్కారు. పేర్ల గొడవ ఇంకా ఎందుకక్కా? నిజంగా ఏమన్నా ఇవ్వాలనుంటే రేపు మేడ మీద అందరి ముందూ చెప్పండి. అది చాలు నాకు."

ఆదివారం చెప్పాను. మద్దెల అతను వాయిద్యం సవరించుకోవడం ఆపేశాడు. మయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. మీనాక్షి మాత్రం ముఖం మీదే, "ఛీ టీచర్, పిల్లలకు చదువు చెప్పే నోరా అది!" అంది. ఆమె నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. హొళ్లగారికి ఉత్తరం రాసి షీల్డు పుత్తూరుకు తిరిగి పంపాను. ఆయన నుంచి జవాబు రాలేదు. మావారికి చెప్పినప్పుడు ఆయన తిట్టలేదు. "తమ్ముళ్లకు మళ్లీ ఫోన్లు చెయ్యాలా?" అని మాత్రం అడిగారు. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

బృందం నుంచి తప్పుకుంటానన్నాను. ఒప్పుకోనిది భాగీరథే.

"మీరు పోతే నాకు ఎదురెవరు కూర్చుంటారు? మీనాక్షి రెండు ముక్కలకే అలిసిపోతుంది. మీరు గట్టిగా కట్టి ఒక మాట అంటేనే కదక్కా నాకు విప్పడానికి ముడి దొరికేది. మీ మీద నాకు కోపం పోలేదు. కోపం వేరు, కూటం వేరు."

అలా ఏడాదిన్నర నడిచింది. ఎదురెదురుగా కూర్చుంటాం, వాదించుకుంటాం. ఒకే జీపులో వెళ్తాం, ఆవిడ ముందు సీట్లో, నేను వెనక. మా ఇంటి మెట్లు మాత్రం ఎక్కలేదు. జనం ఆవిడ చుట్టూ మూగినప్పుడు ఇప్పటికీ నేను చూస్తూ కూర్చోలేను. అప్పుడు లేచి వెళ్లి మయ్యగారి తాళాలు సంచిలో సర్దుతాను, చేతులకు పని ఉండాలని.

పోయిన నెల ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. చూస్తే భాగీరథి. వరండా కింద, వాకిట్లోనే నిలబడి, ఒక కవరు పైకి చాచింది.

"బెంగళూరు నుంచి వచ్చిందక్కా. కన్నడమే గానీ మరీ పెద్దపెద్ద మాటలున్నాయి. కాస్త చదివిపెడతారా?"

చదివాను. ఒక సాహిత్య సభవాళ్లు రాశారు. మూడు రోజుల సదస్సు. పండితుల మధ్య ఒక పూటంతా ఆవిడకు. మా బృందానికి కాదు, ఆవిడకొక్కదానికే. కాగితం మీది అక్షరాలు కాసేపు అలుక్కుపోయాయి. మళ్లీ మొదటి నుంచి పైకి చదివి వినిపించాను.

"నన్ను దేని గురించి మాట్లాడమంటున్నారు?"

"వక్రోక్తి గురించి."

"అంటే ఏంటక్కా?"

"ఎదుటివాడు ఒక అర్థంలో అన్న మాటను పట్టుకుని, శ్లేషతోనో గొంతు విరుపుతోనో ఇంకో అర్థంలోకి తిప్పి వాడికే జవాబివ్వడం. నువ్వు రోజూ చేసేదే."

ఆవిడ ఆ మాటను పెదాల మీద రెండుసార్లు తిప్పుకుంది. కవరు తీసుకుని మడిచి, బొడ్లో దోపుకుంది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"రేపు మయ్యగారిని కూడా ఒకసారి అడుగుతాను. ఏమనుకోకండి."

"అడుగు," అన్నాను. "ఆయన కూడా ఇదే చెబుతారు."

"చెబితే మంచిదే," అని ఆవిడ గేటు వేసి వెళ్లింది.